మంగళవారం కోత

మద్రాసు,
5 అక్టోబరు 1938

బావగారికి కాంతారావు నమస్కారాలు.

శనివారం గుడివాడలో మీరు రైలెక్కించిన ఇద్దరం ఆదివారం మద్రాసు చేరాం. బెజవాడలో బండి మారేటప్పుడు అక్కయ్యని కుర్చీలో కూచోబెట్టి నేనూ, ఒక కూలీవాడూ మోశాం. “పురుటికా బాబూ” అని ఆ కూలీ అడిగాడు. అక్కయ్య నవ్వింది. ఆవిడ నవ్వు విని చాలాకాలమైందని నాకు అప్పుడే తట్టింది. మీ ఇంట్లో ఆవిడ మంచాన పడి రెండున్నరేళ్లు కావస్తోంది కదా.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నిన్న పెద్ద డాక్టరు వచ్చి గంటసేపు చూశాడు. చిన్న సుత్తితో మోకాళ్ల కింద కొట్టాడు, తాళంచెవితో అరికాలు గీశాడు. తరవాత సూది తీసి పాదం దగ్గర మొదలుపెట్టి పైకి గుచ్చుకుంటూ వచ్చాడు. బావా, పిక్క మీద నెత్తురు బొట్టు కట్టింది. అక్కయ్య మాత్రం కిటికీవైపు చూస్తూ “ఇవాళ ఏ వారంరా కాంతం” అని నన్నడుగుతోంది. బొడ్డుకి రెండు వేళ్ల పైన దాకా వచ్చాక “అబ్బ” అంది. డాక్టరు అక్కడ సిరాతో గీత గీసి, ఈ గీత కింద జరిగేదేదీ ఈవిడకి తెలియదన్నాడు.

మన వాళ్లు వాతం అన్నారు, గాలి సోకిందన్నారు, పని దొంగతనం అన్నవాళ్లూ ఉన్నారు. ఇది ఏదీ కాదట. వీపు ఎముకల లోపల తల నుంచి కిందికి తాడులాంటి నరం ఒకటి దిగుతుందట. ఏదో పెరిగి దాన్ని నొక్కుతోందని ఆయన అనుమానం. ఇంకా పరీక్షలు చెయ్యాలి. అనుమానం నిజమైతే కోసి తియ్యాలి. ఊరుకుంటే వీపున పుళ్లు పడి, మూత్రం బంధించి, ఏడాది కన్నా బతకదన్నాడు. కోస్తే బతకవచ్చు, నడవవచ్చు, బల్ల మీదే పోనూ వచ్చు.

ఇంకో మాట. అక్కయ్య కుడి అరికాల్లో నాలుగు వేళ్ల వెడల్పున కాలిన మచ్చ ఉంది. ఏమిటని డాక్టరు అడిగితే పొయ్యి దగ్గర అంటుకుందని చెప్పింది. అరికాలికి పొయ్యి ఎలా అంటుకుంటుందని ఆయన మళ్లీ అడిగాడు. ఆవిడ నీళ్లు కావాలంది. మీకేమైనా తెలిస్తే రాయండి.

వీలు చూసుకుని రండి. అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

మీ బావమరిది
కాంతారావు


నందివాడ,
11 అక్టోబరు 1938

కాంతారావుకి వెంకటాద్రి రాసేది.

నాలుగు పేజీలు రాశావు. మద్రాసులో కాగితాలు ఊరికే పంచిపెడుతున్నారు కాబోలు. నెల తిరిగేసరికి నువ్వే పెద్ద డాక్టరువై మా ఊళ్లో దుకాణం పెట్టేలా ఉన్నావు. పెట్టు, మొదటి సూది మా అమ్మకి వేద్దువుగాని.

మీ అక్క నాకు శత్రువు కాదు. కోయాలంటే కోయించు, నేను అడ్డం చెప్పను. కానీ నీ డాక్టరుని ఒక మాట అడుగు. మీ అక్క పడుకుని ఉండగా కాళ్లు వాటంతటవే ముడుచుకుని ఎగరడం మా అమ్మ కళ్లారా చూసింది. ఒకసారి కాదు, వందసార్లు. పడిపోయిన కాళ్లు ఎగురుతాయా? అత్తగారు పిలిచినప్పుడు కదలని కాళ్లు ఎవరూ పిలవనప్పుడు ఎందుకు కదులుతాయి? సూదులు గుచ్చేవాడికి ఇది తెలియాలి కదా. అరికాలి మచ్చ సంగతి నీకూ అనవసరం, డాక్టరుకీ అనవసరం. వంటింట్లో తిరిగే ఆడవాళ్లకి ఎక్కడో ఒకచోట కాలుతూనే ఉంటుంది.

నేను ఇప్పుడు కదలలేను. మాది కాలవ చివరి పొలం. ఒక్కపూట గట్టు మీద లేకపోతే పైవాళ్లు నీళ్లు మళ్లించుకుంటారు. చేను పొట్టతో ఉంది, నాలుగు రోజుల్లో కంకి బయటపడి వెన్ను తీస్తుంది. పేరుకి బహుధాన్య సంవత్సరం, ధాన్యం ఎంత బహుగా వస్తుందో చూడాలి.

రాసేది ఏదైనా కవర్లో పెట్టి అంటించి పంపు. కార్డు రాస్తే పోస్టు జకరయ్య దారిపొడుగునా చదువుకుంటూ వస్తాడు. కిందటి నెల పురుషోత్తం మాస్టారి కార్డు ఆయనకంటే ముందు రైసుమిల్లుకి తెలిసింది. మా అమ్మ ఇప్పటికే నాకు రెండో పెళ్లికి దోసపాడు సంబంధమని ఒకటి నసుగుతోంది, నేను అవునూ కాదూ అనలేదు. మీ అక్క రోగం ఊరి నోట్లో పడితే ఆ నసుగుడు ఇంకా పెద్దదవుతుంది. తప్పనిసరై కార్డే రాయవలసివస్తే పొలం మాటల్లో రాయి. చేను, గింజ, కోత అని రాస్తే జకరయ్యకి అర్థం కాదు, నాకు అవుతుంది. మనం రైతు బిడ్డలం, ఆ మాత్రం తెలివి ఉంది.

కోడూరు నుంచి అంకమ్మరావు కబురు చేశాడు. మీ నాన్నగారు పసుపుకుంకాల కింద మీ అక్కకి ఇచ్చిన రెండెకరాల చేను ఎలా ఉందని నువ్వు అతనికి ఉత్తరం రాశావట. చేను కౌలుకి చేసేది అంకమ్మరావే అయినా చూసుకునేవాణ్ణి నేను. నన్నడగకుండా అతన్ని ఎందుకు అడిగావో నాకు తోచలేదు. తోచేలా రాయి.

వెంకటాద్రి


(కార్డు)
మద్రాసు, 10 నవంబరు 1938

బావగారికి నమస్కారాలు. కవర్లు దొరకలేదు, టపా వేళ మించిపోతోంది. తంతి ఇస్తే అత్తయ్యగారు చావు కబురనుకుని హడలిపోతారని కార్డు రాస్తున్నాను. నిపుణుడు వచ్చి చూశాడు. వెన్నులో గింజ ఉంది. ఒక్కటే, గట్టిది. ఆలస్యం చేస్తే మొత్తం పడిపోతుంది. మంగళవారం పొద్దున్నే కోత. పొలం గలావిడ ఒప్పుకుని కాగితం మీద సంతకం పెట్టింది. నేను దగ్గరుండి చేయిస్తాను. మీరు కూడా ఉంటే బాగుంటుంది. వెంటనే బయలుదేరండి. కాంతారావు.


కోడూరు,
16 నవంబరు 1938

కాంతారావుకి.

నీ కార్డు నాకు ఆదివారం అందింది. చదివి కాసేపు అరుగు మీదే కూచుండిపోయాను. నువ్వు నా చేతిలో పెరిగినవాడివి. మీ అక్కని చేసుకున్న రోజు నా ఒళ్లో కూచుని అప్పడాలు తిన్నవాడివి. ఇలాంటి పని చేస్తావని కలలో కూడా అనుకోలేదు.

అంకమ్మరావుని చేను సంగతి ఎందుకు అడిగావో ఇప్పుడు తోచింది, పొలం మాటల్లో రాయమంటే పొలానికే ఎసరు పెట్టావు. మీ అక్క ఆసుపత్రిలో పడి ఉండగా ఆవిడ చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నావు. చేను నీ పేర రాయించుకుని కోతకి మనుషుల్ని పంపుతున్నావు. పైగా నన్ను బయలుదేరమని పిలుపు. సరే, బయలుదేరాను. సోమవారం బందరు దాకా రైల్లో, తరవాత బస్సులో, పులిగడ్డ దగ్గర పడవలో రేవు దాటి, పొద్దుగూకేసరికి కోడూరు చేరాను. ఎనిమిది మంది మనుషుల్ని కర్రలతో గట్టు మీద నిలబెట్టాను. నిన్న మంగళవారం తెల్లారకముందు నుంచి పొద్దు కుంకేదాకా నిలబడ్డాం. పాలకాయతిప్ప వైపు నుంచి ఉప్పుగాలి కొట్టి పెదాలు పగిలాయి. నీ మనుషుల్లో ఒక్కడు రాలేదు. నేనున్నానని కబురు అంది వెనక్కి పోయుంటారు.

అసలు చేను ఇంకా పాలు పోసుకుంటోంది. వెన్ను వంగనైనా లేదు. పాల మీద ఉన్న చేను కోస్తానంటావు, గట్టి గింజ అంటావు. అందులోనూ మంగళవారం. మంగళవారం కోత మొదలుపెట్టే రైతు ఈ దివిసీమలో ఎవడైనా ఉన్నాడా? దొంగకోతకి వారమేమిటిలే అనుకున్నావు కాబోలు.

ఇంతదాకా దాచాను, ఇక దాచను. మీ అక్కది రోగమని నువ్వు నమ్ము, నేను నమ్మను. ఎందుకంటే నేను స్వయంగా పరీక్ష చేసి చూశాను. మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం మీ అక్క వసారాలో గోడకి చేరబడి, కాళ్లు చాపుకుని చింతపండు గింజ తీస్తోంది. మా అమ్మ రోజూ పోరుతోంది, తేల్చుకుందామని అట్లకాడ ఎర్రగా కాల్చి తెచ్చి అరికాలికి ఆనించాను. కాలు దూడ తన్నినట్టు ఎగిరింది. పడిపోయిన కాలు అలా ఎగురుతుందా? మొహం మాత్రం చెక్కుచెదరలేదు. చింతపండు చూసుకుంటూనే ఉంది. నొప్పిని అలా దిగమింగగల మనిషి రెండున్నరేళ్లు కాదు, ఇరవయ్యేళ్లు నటించగలదు. మచ్చ ఏమిటని అడిగావు కదా, అదీ మచ్చ.

అక్కా తమ్ముళ్లు కలిసి నన్ను బాగానే ఆడించారు. చేను పక్వానికి వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. ఎవరు కోయడానికి వస్తారో చూస్తాను.

వెంకటాద్రి


మద్రాసు,
20 నవంబరు 1938

వెంకటాద్రిగారికి,

మీ ఉత్తరం నిన్న వచ్చింది. మూడుసార్లు చదివాను. మూడోసారి చదివేటప్పుడు కాగితం పట్టుకున్న చెయ్యి నాది కాదనిపించింది.

మొదట కోత సంగతి చెబుతాను. కార్డు మీద పొలం మాటల్లో రాయమన్నది మీరు. రాశాను. వెన్ను అంటే అక్కయ్య వెన్ను. గింజ అంటే అందులో పెరిగిన గడ్డ. మెడ వెనక సూది గుచ్చి నూనెలాంటి మందు ఎక్కించి, బల్ల వాలుగా వంచి ఫొటోలు తీశారు. మందు కిందికి జారుతూ జారుతూ ఒకచోట ఆగిపోయింది. దాన్నిబట్టి గడ్డ ఎక్కడుందో తెలిసింది. నిపుణుడంటే డాక్టరు. పొలం గలావిడ సంతకం పెట్టిన కాగితం, ప్రాణం పోయినా ఏమీ అడగబోమని ఆసుపత్రివాళ్లు రాయించుకునే కాగితం. కోత అంటే మా అక్కయ్య వీపు కోత. మీరు వస్తారని మంగళవారం పొద్దున ఏడింటిదాకా గుమ్మంవైపే చూసింది. నేను కూడా ప్రతి జట్కా దగ్గరికీ వెళ్లి చూశాను. ఆ వేళకి మీరు కర్రలు పట్టుకుని పచ్చి చేనుకి కాపలా కాస్తున్నారు.

అంకమ్మరావుకి నేను ఎందుకు రాశానన్నారు. అక్కయ్య రాయమంది. “నా చేను వెన్ను తీసిందో లేదో కనుక్కోరా” అంది. మిమ్మల్ని అడగడానికి ఆవిడకి భయం. అంతే.

మూడున్నర గంటలు పట్టింది. నేను వరండాలో ఉన్నాను. తరవాత డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు. మూడు పూసల వెనకవైపు ఎముక తీసి, నరం పైపొర చీరి చూస్తే గడ్డ కనిపించిందట. నరం దాని కింద నాడాలాగా చదునైపోయి ఉందట. గడ్డని చిన్నగా ఒలిచి తీసేశాక, ఆ నరం మెల్లగా పైకి లేచి కొట్టుకోవడం మొదలుపెట్టిందట. ఆ మాట చెబుతూ ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. గడ్డని గాజు బుడ్డిలో వేసి చూపించారు. నేరేడుపండంత ఉంది. ఇది మంచి రకం అన్నాడు డాక్టరు. రెండున్నరేళ్లు మనిషిని నేలకి కట్టేసినదాన్ని మంచిదంటాడేమిటని తెల్లబోయాను. చెడ్డ రకమైతే ఒళ్లంతా పాకుతుందట, తీసినా వస్తుందట. ఇది ఎక్కడికీ పోదు, ఉన్నచోటనే కూచుని పక్కదాన్ని నొక్కుతూ పెరుగుతుంది, అంతే. పూర్తిగా వచ్చేసింది. అక్కయ్య బతికింది. కాళ్లు వస్తాయో రావో ఇంకా చెప్పలేమంటున్నారు.

ఇక అట్లకాడ సంగతి.

ఎవరు కాల్చారో చెప్పకుండా డాక్టరుని అడిగాను. కాలితే కాలు ఎగిరింది కదా, మరి తెలిసినట్టే కదా అన్నాను. తెలియదన్నాడు. కాలికీ తలకీ మధ్య దారి మూసుకుపోయింది. వేడి తగిలిన కబురు ఆ గడ్డ కిందిదాకా వెళ్లి, అక్కణ్ణించే వెనక్కి తిరిగి కాలిని ఎగరగొట్టింది. అలాంటి రోగంలో కాళ్లు అలాగే ఎగురుతాయట. పడుకున్నప్పుడు ఎగిరిందీ అందుకే. మనిషి దాకా కబురు రానేలేదు. మీరు నటనకి సాక్ష్యం అనుకున్నదే రోగానికి సాక్ష్యం.

తరవాత అక్కయ్యని అడిగాను. చివరికి ఇలా అంది. “కాలు ఎగిరితే ఎప్పటిలాగే ఎగిరిందనుకున్నాన్రా. కాసేపటికి కమురు వాసనొచ్చింది. అత్తయ్య పొయ్యి మీద ఏదో మాడబెట్టిందేమో, కేకేద్దామని ఇటు తిరిగాను. ఆయన అట్లకాడ పట్టుకుని నా మొహంకేసి చూస్తన్నారు. ఆ వాసన నాదేనని అప్పుడు తెలిసింది.”

ఇది రాయడం నావల్ల కావడం లేదు. తన ఒళ్లు కాలుతోందని ఆవిడ వాసన పట్టి తెలుసుకుంది. తెలిసి కూడా మీ పేరు డాక్టరుకి చెప్పలేదు, నాకూ చెప్పలేదు. మీరే రాశారు కాబట్టి తెలిసింది.

మీరు రావద్దు. ఆవిడ నడిచినా నడవకపోయినా నా దగ్గరే ఉంటుంది. దోసపాడు సంబంధానికి అవుననండి.

కాంతారావు


నందివాడ,
26 నవంబరు 1938

నాయనా కాంతారావూ,

నీ ఉత్తరం కోడూరు వచ్చింది. గట్టు మీదే చదివాను. ఎనిమిది మందినీ ఇళ్లకి పొమ్మన్నాను. ఎందుకని అంకమ్మరావు అడిగాడు. కోత అయిపోయిందని చెప్పాను. చేను పచ్చగా ఉంది, అతను నా మొహంకేసి వింతగా చూశాడు.

నీకు ఏం రాయాలో తెలియడం లేదు. నాకు వేళాకోళం తప్ప ఇంకో భాష రాదు, అది ఇప్పుడు పనికిరాదు. నేను చెడ్డవాణ్ణని రాసుకుంటే తేలిగ్గా ఉంటుంది, అలా రాసి తప్పించుకోను. మొహంకేసి చూశాననే మాట నిజం. అంత దగ్గరగా చూశాను. ఏమీ లేని మొహం చూసి మొండితనం అనుకున్నాను. పదహారేళ్లు కాపురం చేసినవాణ్ణి, ఆ మొహంలో మొండితనం ఎప్పుడు చూశానని అలా అనుకున్నాను?

మా అమ్మకి నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. కమురు వాసన దగ్గర చాలు అంది. చాలదని చివరిదాకా చదివాను. అప్పటినుంచి ఆవిడ వంటింట్లోకి వెళ్లలేదు, అన్నం నేనే వండుతున్నాను. దోసపాడు వాళ్లకి కాదని కబురు పంపించాను. ఇదేదో నా గొప్ప అని రాయడం లేదు. నెలన్నర కిందటే అనవలసిన మాట.

నువ్వు రావద్దన్నావు, రాను. ఆవిడ రమ్మంటే తప్ప గుమ్మం తొక్కను. ఒక్క సంగతి మాత్రం డాక్టరుని అడిగి చెప్పు. నవ్వకు. కాళ్లకి స్పర్శ తిరిగి వస్తే, అప్పుడు కాలిన నొప్పి ఆవిడకి ఇప్పుడు తెలుస్తుందా? దారి మూసుకుపోయి కబురు అందలేదన్నావు. దారి తెరిస్తే ఆగిపోయిన కబురు అందుతుందా? మూడు రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాను. అందేటట్టయితే స్పర్శ రావాలని నేను ఏ మొహంతో దణ్ణం పెట్టను? రాకూడదని ఎలా పెట్టను?

ఇక మీద కవర్లు వద్దు. కార్డే రాయి. పొలం మాటలు వద్దు, ఉన్నది ఉన్నట్టు రాయి. జకరయ్య దారిపొడుగునా చదవనీ. నేను చేసింది దాచడానికే నీ చేత అలా రాయించాను, దాని ఫలం చూశావు.

వెంకటాద్రి


(కార్డు)
మద్రాసు, 14 డిసెంబరు 1938

వెంకటాద్రి బావగారికి. కార్డు మీదే రాయమని అక్కయ్య కూడా అంది. జకరయ్యగారూ, మీరు చదవవచ్చు.

శుక్రవారం ఎడమకాలి బొటనవేలు కదిలింది. ఎగరడం కాదు, కదపమంటే కదిపింది. నిన్న పొద్దున చలిగా ఉందని నర్సు రూతమ్మ వేడినీళ్ల సంచి తెచ్చి కుడి పాదం పక్కన పెట్టింది. అక్కయ్య ఉలిక్కిపడి “సుర్రుమంటంది, తియ్యమ్మా” అని కేక పెట్టింది. రూతమ్మ సంచి తీసేసి అలాగే నిలబడిపోయింది. ఆ తరవాత వార్డులో అందరం ఏడ్చాం. మీరు అడిగింది డాక్టరుని అడిగాను. పాత నొప్పి తిరిగి రాదట. ఎన్నడూ అందని కబురు ఇక అందదన్నాడు. అక్కయ్య పక్కనే ఉండి విన్నది. తరవాత మీకు రాయమని చెప్పిన మాట ఇది, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

“రమ్మను. అట్లకాడ కూడా తెచ్చుకోమను. అప్పుడు కాలు దానంతటదే ఎగిరింది. ఈసారి కాలు నేనే వెనక్కి తీసుకుంటాను.”

కాంతారావు